దారికి ఒకటే పక్క

నాకు ముక్కు మీద కోపమని మా స్కూల్లో ఆయా నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆ కోపాన్ని నేను తప్పనుకోలేదు. ఉన్నది ఉన్నట్టు మాట్లాడేవాళ్ళకి ఆమాత్రం కోపం ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. మమత విషయం జరిగాక ఇక ఆ సర్దుబాటు కుదరడం లేదు.

నా పేరు కనకలక్ష్మి. తెల్లాపూర్ రోడ్డులో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి క్లాస్ టీచర్ని. పుట్టి పెరిగింది మదీనాగూడలో. అక్కడ ఇప్పుడు బట్టల షోరూం ఉన్నచోట మా నాన్న జొన్న వేసేవాడు. ఆ మాట ఒకసారి క్లాసులో చెబితే, "జొన్న అంటే ఏంటి టీచర్?" అని అడిగారు పిల్లలు. మర్నాడే కంకులు తెప్పించి వాళ్ళ చేతే గింజలు రాలగొట్టించాను. గదంతా పొట్టు. ఆయా పార్వతమ్మ నన్ను తిట్టుకుంటూ ఊడ్చింది. అయితేనేం, ఆ రోజు కంకి పట్టుకున్న పిల్లలు జొన్నని జన్మలో మరిచిపోరు. నేను నమ్మే చదువు అదే. చింతగింజలతో ఎక్కాలు, చీపురుపుల్లలతో కోణాలు, టీ గ్లాసుల్లో మెంతి మొలకలు. చేత్తో చేసింది మెదడులోకి ఎక్కుతుందని మా స్కూలు వాళ్ళకి ఎవరో వచ్చి ట్రైనింగ్ ఇవ్వకముందు నుంచే నాకు తెలుసు.

చిక్కల్లా తల్లిదండ్రులతోనే. పిల్లలకి ఏదైనా చేసి తెమ్మని చెబితే, ఆదివారమంతా తండ్రులు కూర్చుని చేసేవారు. హైటెక్ సిటీలో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా ఆ ఒక్క రోజు కత్తెర, గమ్ము పట్టుకుని నాలుగో తరగతి చదివేవారు. తీరిక లేనివాళ్ళు రెడీమేడ్ కొనేవారు. చందానగర్‌లో ఒక దుకాణంలో గ్రహాలన్నీ రంగులేసి, తీగకి గుచ్చి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. ఒక ఏడాది నా క్లాసుకి ఒకేలాంటి శనిగ్రహాలు ఆరు వచ్చాయి.

అప్పటి నుంచి నాది ఒకటే నియమం. పెద్దవాళ్ళ చెయ్యి పడిన బొమ్మకి నా క్లాసులో చోటు లేదు. పిల్లల చేతిపని ఏదో, తండ్రి చేతిపని ఏదో చూడగానే నాకు తెలిసిపోతుందని గొప్ప చెప్పుకునేదాన్ని. స్టాఫ్ రూంలో మిగతా టీచర్లు కూడా తమ క్లాసు బొమ్మలు తెచ్చి, "ఇది ఎవరు చేసిందో చెప్పండి మేడం" అని నన్ను అడిగేవారు. నేను తిప్పి చూసి తీర్పు చెప్పేదాన్ని.

ఈ సంవత్సరం దిక్కుల పాఠం వచ్చింది. వరండా నేల మీద సుద్దముక్కతో వెడల్పుగా రోడ్లు గీశాను. ఒకడు ఆటో, ఒకమ్మాయి సిటీ బస్సు, ఇద్దరు సిగ్నల్ దీపాలు. నేను "ఎడమకు" అంటే కుడికి తిరిగినవాళ్ళు ఔట్. గంటసేపు ఆడారు. ఆ గంటలో ఒక్కసారి కూడా ఔట్ కానిది మమత ఒక్కతే. అది నేను కళ్ళారా చూశాను. చూసి కూడా మనసులో పెట్టుకోలేదు.

మమత మా స్కూల్ వ్యాన్ డ్రైవర్ తిరుపతి కూతురు. తిరుపతిది జగిత్యాల వైపు పల్లె. ఆరేళ్ళుగా మా దగ్గర వ్యాన్ నడుపుతున్నాడు. మియాపూర్ డిపో వెనక కిరాయి గదిలో ఉంటారు. అతని భార్య ఎల్లమ్మ ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది, తెల్లవారగానే మెట్రో ఎక్కి వెళ్ళిపోతుంది. మమత పొద్దున వ్యాన్‌లో అందరికంటే ముందు ఎక్కుతుంది, సాయంత్రం అందరికంటే చివర దిగుతుంది. క్లాసులో అడిగితే జవాబు చెబుతుంది, అడగకపోతే ఆ పిల్ల ఉన్నట్టే తెలియదు.

ఆట అయ్యాక పని ఇచ్చాను. "మీ ఇంటి నుంచి స్కూలుకి వచ్చే దారి తయారుచేసి తీసుకురండి. కాగితం, అట్ట, మట్టి, మీ ఇష్టం. మీ చేతులతోనే చెయ్యాలి." మూడు వారాల గడువు పెట్టాను. బాగున్నవి స్కూలు ప్రదర్శనలో పెడతామని ప్రిన్సిపాల్ కూడా వచ్చి చెప్పారు.

గడువు రోజు సోమవారం. మమత తెచ్చిన అట్టని తలుపులోంచి లోపలికి తేవడానికి ఇద్దరు పిల్లలు సాయం పట్టాల్సి వచ్చింది. వాషింగ్ మెషిన్ డబ్బా విప్పి పరిచి, దాని మీద చేసింది. పెయింటర్లు గోడలు రుద్దే గరుకు కాగితాన్ని కత్తిరించి రోడ్లు వేసింది. ఐస్‌క్రీం పుల్లల మీద ఎర్ర ఊలు దారం లాగి మియాపూర్ మెట్రో. సబ్బుపెట్టెలు వరసగా పేర్చి బస్ డిపో. లింగంపల్లి రైలు వంతెన కింద నీలం గాజుముక్కలు, వానకు అక్కడ నీళ్ళు నిలుస్తాయి కాబట్టి. ఒక టైలర్ కొట్టు ముందు పెన్ను మూతకి ఎర్రగుడ్డ చుట్టి నిలబెట్టిన తల లేని బొమ్మ. ఒక బాల్కనీలో పసుపు ఉయ్యాల. ఆ దారి పొడుగునా అగ్గిపెట్టెలతో పద్నాలుగు ఇళ్ళు. అవి వ్యాన్‌లో వచ్చే పద్నాలుగు మంది పిల్లల ఇళ్ళు.

"టీచర్, ఇది మా ఇల్లు," అన్నాడు ఆకాష్. వాళ్ళది మదీనాగూడలో అపార్ట్‌మెంట్. ఆ అగ్గిపెట్టె ముందు మైనంతో చేసిన రెండు బుల్లి బూట్లు ఉన్నాయి. ఆకాష్ రోజూ బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చి వ్యాన్‌లో తొడుక్కుంటాడట. అందరూ పకపకా నవ్వారు. వ్యాన్‌లో వచ్చేవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ తమ తమ ఇళ్ళు వెతుక్కున్నారు. దొరికినవాళ్ళు దొరకనివాళ్ళకి వెతికిపెట్టారు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో పిల్లలు ఒక పటం చుట్టూ అలా మూగడం చూడలేదు.

నాకు ముచ్చట వేయాల్సింది. కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇన్ని దారులు, ఇన్ని ఇళ్ళు ఎలా తెలుస్తాయి? తెలిసేది వ్యాన్ నడిపే తండ్రికి. అంతకంటే ఆలోచించలేదు నేను. నా కళ్ళు తప్పు వెతకడానికి బయల్దేరాయి, దొరికింది కూడా. రోడ్డుకి ఎడమ పక్కనే ఇళ్ళు, కొట్లు, చెట్లు ఉన్నాయి. కుడి పక్క మియాపూర్ నుంచి స్కూలు దాకా ఉత్త అట్ట.

"ఎవరు చేశారు ఇది?" అన్నాను.

"నేనే టీచర్."

"మళ్ళీ చెప్పు."

"నేనే చేసిన టీచర్."

"మరి మీ నాన్నకి టైం చాలలేదా? ఒక పక్క వదిలేశాడు."

పిల్లలు నవ్వు ఆపేశారు. మమత ముఖం ఎర్రబడింది. "టీచర్, అటు పక్క నాకు..." అని ఏదో చెప్పబోయింది.

"కథలు చెప్పకు," అన్నాను. ఆ పిల్ల మాటని మధ్యలో తుంచేసిన ఆ రెండు మాటలు ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉన్నాయి. ఇంకో పది క్షణాలు ఓపిక పట్టి ఉంటే నాకు అన్నీ తెలిసేవి.

వ్యాన్ ఇంకా గేటు దగ్గరే ఉంది. ఆయాని పంపి తిరుపతిని పిలిపించాను. అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు. డ్రైవర్లని క్లాసులోకి ఎవరూ పిలవరు. పిలిచారంటే ఏదో ఫిర్యాదే.

"తిరుపతీ, నిజం చెప్పు. ఇది నువ్వు చేసిందా, నీ బిడ్డ చేసిందా?"

అతను నా ముఖం చూశాడు. బిడ్డ ముఖం చూశాడు. చుట్టూ నిశ్శబ్దంగా నిలబడ్డ పిల్లల్ని చూశాడు. అట్ట వైపు మాత్రం సరిగా చూడలేదు.

"నేనే జేసిన మేడం," అన్నాడు. "తప్పయితే నాది. పిల్లనేమనకుండ్రి."

నా తీర్పు నిజమైంది. ఆ క్షణంలో నేను సంతోషించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషించాను. అతన్ని పంపేసి, క్లాసుకి నిజాయితీ మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. వంకరగా ఉన్నా సరే, సొంత పనే గొప్ప అని చెప్పాను. ఎర్ర మార్కర్‌తో అట్ట మూలన "ఇతరులు చేసినది" అని రాసి, బీరువా వెనక గోడకి తిప్పి పెట్టించాను.

మమత ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఏమన్నా అనుమానం వచ్చేదేమో. గుమ్మం దాటి వెళ్ళిపోయే తండ్రిని అలా చూస్తూ నిలబడి, తర్వాత పోయి తన బెంచీలో కూర్చుంది.

ప్రదర్శన రోజుకి గేటు దగ్గర పెట్టడానికి పెద్ద అట్ట ఒకటి కావాలన్నారు. బీరువా వెనకది తీసుకోమని నేనే చెప్పాను. ఇళ్ళన్నీ పీకేసి, వెనక పక్క స్వాగతం అని రాసి, బాణం గుర్తు వేశారు. సాయంత్రానికి వాన పడింది.

ఆ తర్వాత మమతలో మార్పు వచ్చింది. శనివారం క్లాసులో మట్టి ఇస్తే ఉండ చేసి ముందు పెట్టుకుని కూర్చునేది. "ఏం చేశావు?" అంటే, "ఉండ టీచర్" అనేది. రంగు కాగితాలు ఇస్తే మడత కూడా విప్పేది కాదు. దొరికిపోయిన సిగ్గుతో అలా ఉందనుకున్నాను. మంచిదే, ఇంకోసారి అబద్ధం చెప్పదు అనుకున్నాను కూడా.

జనవరిలో తిరుపతి టైఫాయిడ్ వచ్చి దవాఖానలో పడ్డాడు. అతని బదులు నర్సింహ అని జహీరాబాద్ అబ్బాయిని పెట్టారు. అతనికి ఈ దారులు తెలియవు. "మీరు ఇక్కడి మనిషే కదా మేడం, రెండు రోజులు వ్యాన్‌లో వెళ్ళి దారి చూపించండి," అని ప్రిన్సిపాల్ నన్ను అడిగారు. ఈ పక్కన నాకు తెలియని దారి ఉందా అని ధీమాగా ఒప్పుకున్నాను.

పొద్దున్నే మియాపూర్ వెళ్ళి వ్యాన్ ఎక్కాను. మమత అప్పటికే ఎక్కి, తలుపు వెనక ఎడమ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నమస్తే టీచర్ అంది, అంతే. నేను నర్సింహ పక్కన కూర్చున్నాను. మెయిన్ రోడ్డు దిగేదాకా నా ధీమా బాగానే ఉంది. లోపల సందులన్నీ మారిపోయాయి. నాకు గుర్తున్న చింతచెట్టు చోట గేటూ, గేటు చోట గోడా ఉన్నాయి. ఫోన్‌లో దారి పెడితే, అది పైపుల కోసం తవ్విన రోడ్డు దగ్గరికి తీసుకెళ్ళింది. వెనక్కి తిప్పాం. మళ్ళీ అక్కడికే వచ్చాం. తల్లుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నర్సింహ పరేషాన్ అయిపోయి నా వైపు చూశాడు. నేను తల ఎత్తకుండా ఫోన్ వైపే చూశాను.

అప్పుడు వెనక నుంచి మెల్లగా వినబడింది. "అన్నా, ఇట్ల కాదు. ఆ టైలర్ దుకాణం దాటినంక ఎడమకు తిప్పు."

నర్సింహ తిప్పాడు. టైలర్ దుకాణం ముందు ఎర్ర జాకెట్టు తొడిగిన తల లేని బొమ్మ నిలబడి ఉంది.

"రేఖ వాళ్ళ గేటు ముంగట ఆపకన్నా. ఆడ కుక్క ఉంటది, రేఖ భయపడ్తది. జర ముందుకు వొయ్యి ఆపు."

లేచి వెనక్కి వెళ్ళి మమత పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల భుజం మీదుగా కిటికీలోంచి చూశాను. పసుపు ఉయ్యాల ఉన్న బాల్కనీ వచ్చింది. ఆకాష్ బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇడ్లీ బండి, నీలం ట్యాంకు, వంతెన గోడ. నేను గోడకి తిప్పించిన అట్ట ఆ కిటికీలో ఒక్కొక్కటే తిరిగి వస్తోంది. కుడి పక్కకి తల తిప్పి చూశాను. నిద్రమొహాల పిల్లలు, బ్యాగులు, బ్యాగుల అవతల లారీలు. ఇంకేం కనబడలేదు.

డ్రైవర్ చేస్తే రెండు పక్కలూ చేసేవాడు. అతను కూర్చునేదే కుడి పక్క. ఎడమ పక్క బాల్కనీలో ఉయ్యాల ఏ రంగుదో అతనికి ఎందుకు? ఆ ఒక్క పక్క దారి ఈ సీటులో కూర్చున్న మనిషిది. ఈ సీటులో రోజూ కూర్చునేది మమత. నేను తప్పు అని పట్టుకున్నదే ఆ పిల్ల సాక్ష్యం.

అయినా ఒక ముడి ఉండిపోయింది. సాయంత్రం ఇదే దారిన తిరిగి వస్తారు కదా, అప్పుడు అవతలి పక్క ఇదే కిటికీలోకి రావాలి కదా అనుకున్నాను. సాయంత్రం నేను మళ్ళీ వ్యాన్ ఎక్కాను. పిల్లలు కిటికీల కోసం కొట్టుకుంటూ ఎక్కారు. మమత ఎవరూ చెప్పకుండానే వెనక స్టెప్నీ టైరు మీద, బ్యాగుల మధ్య కూర్చుంది. అక్కడి నుంచి ఆకాశం ముక్క కూడా కనబడదు.

"అక్కడెందుకు కూర్చున్నావు?" అని అడిగాను.

"పొద్దుగాల అందరు నిద్రల ఉంటరు టీచర్, కిటికీ ఎవ్వరడగరు. సాయంత్రం అడుగుతరు. లొల్లి అయితదని నాన్న నన్నిక్కడ కూసోమన్నడు."

"మరి ఆ రోజు... అటు పక్క నాకు, అని ఏదో చెప్పబోయావు."

మమత బ్యాగు జిప్ లాగుతూ చెప్పింది. "అటు పక్క నాకు తెల్వది టీచర్. తెల్వనిది పెట్టొద్దు గద."

తెలియనిది పెట్టొద్దని సంవత్సరం మొదటి రోజున క్లాసుకి చెప్పింది నేనే. చూసినదే గీయాలి, చూడనిది ఊహించి గీయకూడదు అని. నా క్లాసులో ఆ మాట అక్షరాలా విన్నది ఆ పిల్ల ఒక్కతే. దానికి నేను ఇచ్చిన మార్కు ఎర్ర రంగుది.

పిల్లలందరూ దిగాక నేను మా ఇంటికని మదీనాగూడలో దిగలేదు. మమతతో పాటు మియాపూర్ దాకా వెళ్ళాను. తిరుపతి అప్పటికి దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడు. గదిలో మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దని కూర్చోబెట్టాను. ఎల్లమ్మ ఇంకా పని నుంచి రాలేదు. మమత బకెట్ తీసుకుని నీళ్ళకి బయటికి వెళ్ళింది.

"ఎందుకు చెప్పావు తిరుపతీ, నువ్వే చేశానని?" అన్నాను. కసిరానేమో కూడా. నా తప్పుకి అతని దగ్గర జవాబు వెతుకుతున్నాను.

అతనికి ఏ సంగతో గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. "మీరు మస్తు కోపంల ఉన్నరు మేడం," అన్నాడు. "అది మంచి పనో చెడ్డ పనో నాకు తెల్వలే. పిల్ల ఏమో చేసి దొరికిందనుకున్న. పెద్దోళ్ళు కోపంగ అడిగినప్పుడు నేనే అని ఒప్పుకుంటే అయిపోతది గద. నన్ను రెండు తిడ్తరు, పిల్ల బతికిపోతది."

"అది బాగుందని అడిగాను తిరుపతీ. చాలా బాగుందని. అంత బాగా చిన్నపిల్ల చేయలేదనుకుని అడిగాను."

తిరుపతి చాలాసేపు నన్నే చూశాడు. ఎముకలు తేలిన ముఖం అతనిది. "బాగున్నదా?" అన్నాడు. "ఇంట్ల చేస్తుంటే నేను సక్కగ చూడనన్న చూడలే మేడం. డ్యూటీకి వొయ్యి వచ్చి పండుకునుడే. గా రోజు కెల్లి పిల్ల నాతోని మాట తక్కువ చేసింది. ఎందుకో అర్థం కాలే. పెద్దగయితున్నదిలే అనుకున్న."

బయట బకెట్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతూ ఉంది. ఒక పిల్ల పనిని ఇద్దరు పెద్దవాళ్ళం కలిసి లాక్కున్నాం. అతను ప్రేమతో లాక్కున్నాడు. నేను గర్వంతో. అతని తప్పుకి కనీసం ప్రేమ అన్న పేరైనా ఉంది.

మర్నాడు క్లాసులో అందరి ముందు నిలబడి చెప్పాను. "ఆ దారి మమతే చేసింది. మీ ముందు నేను తప్పు మాట్లాడాను. మమతా, నన్ను క్షమించు." తిట్టిన రోజున ఊపిరి బిగపట్టి విన్న పిల్లలు ఆ రోజు సగం మంది పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు. మమత తలవంచుకుని, "సరే టీచర్" అంది. టీచర్ ఏం చెప్పినా ఆ పిల్ల అనే మాటే అది.

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. తప్పు దిద్దుకోవాలన్న తొందరలో ఇంకోటి చేశాను. తిరుపతి కోలుకుని డ్యూటీలోకి వచ్చిన రోజున వ్యాన్ దగ్గరికి వెళ్ళి, సాయంత్రాలు కూడా మమతకి కిటికీ సీటు ఇవ్వమని గట్టిగా చెప్పాను. తర్వాత మమతని పిలిచి, తండ్రి ముందే అన్నాను. "ఆ దారి మళ్ళీ ఒకసారి చేసి తీసుకురామ్మా. మన క్లాసు గోడకి ఎప్పటికీ ఉంచుతాను. ఈసారి కిటికీ ఉంది కాబట్టి రెండు పక్కలూ చెయ్యి."

మమత తండ్రి వైపు చూసింది. తిరుపతి, "తప్పకుంట మేడం, చేపిస్త," అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవిన పడిందే గానీ నేను వినలేదు.

ఆ తర్వాత నాలుగో సోమవారం తండ్రీకూతుళ్ళు ఇద్దరూ కలిసి పట్టుకొచ్చారు. ప్లైవుడ్ చెక్క మీద చేసింది అది. నల్లరంగు రోడ్లు, వాటి నడుమ స్కేలు పెట్టి వేసిన తెల్లగీతలు. రెండు పక్కలా ఇళ్ళు. మాల్, పెట్రోల్ బంకు, దవాఖాన, ఒక్కొక్కదాని మీద కంప్యూటర్ షాపులో తీయించిన పేరు అంటించి ఉంది. ఎక్కడా వంకర లేదు. టైలర్ దుకాణం ఉంది, దాని ముందు ఎర్రగుడ్డ బొమ్మ లేదు. బాల్కనీలో ఉయ్యాల లేదు. వంతెన కింద నీళ్ళు లేవు.

ఎవరు చేశారని నేను అడగలేదు. ఆ ప్రశ్న అడిగే ముఖం నాకు లేదు. మమతే చెప్పింది.

"ఈసారి నిజంగనే మా నాన్న చేసిండు టీచర్. రెండు పక్కలున్నయి."

తిరుపతి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి, నా ముఖంలోకి ఆశగా చూస్తున్నాడు. "ఇరవై దినాలు పట్టింది మేడం. ఎవ్వలు తప్పు పట్టకుండ చేసిన," అన్నాడు.

"నువ్వేం చేశావమ్మా?" అని మమతని అడిగాను.

"గమ్ డబ్బా పట్టుకున్న టీచర్."

నిజం చెప్పమని ఈ పిల్లకి నేను నేర్పక్కర్లేదు. మొదటి రోజూ నిజమే చెప్పింది, ఇప్పుడూ నిజమే చెబుతోంది. బాగుందని తిరుపతితో అన్నాను. ఇంకేం అనగలను? పార్వతమ్మని పిలిచి గోడకి మేకులు కొట్టించాను. అది ఇప్పుడు కూడా అక్కడే ఉంది, నేను పాఠం చెప్పడానికి నిలబడితే ఎదురుగా కనబడుతుంది.

పిల్లలు దాని దగ్గరికి వెళ్ళి తమ ఇళ్ళు చూసుకున్నారు. పేర్లు రాసి ఉన్నాయి కాబట్టి వెంటనే దొరికాయి. ఆకాష్ మాత్రం వంగి, తన ఇంటి ముందు వేలుతో తడిమి, "మమతా, నా బూట్లు ఏవి?" అని అడిగాడు.

మమత అప్పటికే పోయి తన బెంచీలో కూర్చుంది.